క్రాలర్‌లో రెండు ఈఎస్సీలు: ముందు ఒక ఎర్ర వైరు పీకెయ్, మిగతాది తర్వాత చూద్దాం

తమ్ముడూ, నీ సమస్య నాకు అర్థమైనంతలో ఇదీ. సెకండ్ హ్యాండ్‌లో యాక్సియల్ ఎక్స్ఆర్10 అనే క్రాలర్ (రాళ్ళెక్కే రిమోట్ బండి) చాసిస్ దొరికింది. ముందు యాక్సిల్ మీద ఒకటి, వెనక యాక్సిల్ మీద ఒకటి 35 టర్న్ (35 చుట్ల తీగ ఉన్న) మోటార్లు, వాటికి రెండు క్విక్‌రన్ 1060 ఈఎస్సీలు (ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్లు), ఒక 3ఎస్ (మూడు సెల్లుల) లైపో బ్యాటరీ, స్టీరింగ్ తిప్పే 25 కిలోల సర్వో. రెండు ఈఎస్సీలనీ వై కేబుల్‌తో (ఒక ప్లగ్గుని రెండుగా చీల్చే వైరు) రిసీవర్ రెండో ఛానల్‌కి, అంటే థ్రాటిల్‌కి కలిపావు. ట్రిగ్గర్ నొక్కితే ముందు చక్రాలు ముందుకి, వెనక చక్రాలు వెనక్కి పోతున్నాయి. మోసుకుంటూ తోసుకుంటూ రాళ్ళ మీదకి తీసుకెళ్ళినా, స్టీరింగ్ గట్టిగా తిప్పిన చోటల్లా బండి ఒక సెకను చచ్చిపోయి మళ్ళీ లేస్తోంది. ఇంత అయ్యాక నీకు డిగ్ (వెనక చక్రాలు బిగించి ముందువాటితో బండిని గిర్రున తిప్పడం) కూడా కావాలి. నీ పోస్టు కింద ఒకాయన "ఎందుకు బాధ, పెద్ద ఈఎస్సీ ఒకటే వేసి రెండు మోటార్లూ దానికి కలిపెయ్" అని కూడా రాశారు.

ఆయన చెప్పింది తప్పేం కాదు. టామియా క్లాడ్ బస్టర్ 1987లో వచ్చినప్పుడు రెండు యాక్సిళ్ళ మీద రెండు 540 సైజు మోటార్లుండేవి, స్పీడ్ కంట్రోలర్ మాత్రం ఒకటే. ఆ యాక్సిళ్ళు పీకి చాసిస్‌లు కట్టుకున్న వాళ్ళ దగ్గర్నుంచే ఈ యాక్సిల్ మీద మోటార్ పద్ధతి మన క్రాలర్లలోకి వచ్చింది. రెండు మోటార్లనీ పారలల్‌లో ఒకే ఈఎస్సీకి కలిపితే బండి నడుస్తుంది, డబ్బూ మిగులుతుంది. కానీ రెండు యాక్సిళ్ళూ ఎప్పుడూ ఒకే మాట వింటాయి. రెండు ఈఎస్సీలు పెట్టుకునేది రెట్టింపు పవర్ వస్తుందని కాదు, క్రాలర్‌లో ఆ పవర్ ఎవడిక్కావాలి? ముందు యాక్సిల్‌ని ఒక చేత్తో, వెనక యాక్సిల్‌ని ఇంకో చేత్తో పట్టుకోడానికి. అది అక్కర్లేదనుకుంటే ఆయన మాట విని ఇక్కడితో చదవడం ఆపెయ్. కావాలంటే నీ వై కేబుల్ డబ్బాలో పడెయ్, అది ఉన్నంతకాలం రెండు ఈఎస్సీలున్నా ఒకటే ఉన్నట్టు లెక్క.

ఇప్పుడు ఎర్ర వైరు సంగతి. ఈఎస్సీ నుంచి రిసీవర్‌కి వెళ్ళే సన్న ప్లగ్గులో మూడు వైర్లుంటాయి. నల్లది లేదా గోధుమ రంగుది గ్రౌండ్, మధ్యలో ఎర్రది పాజిటివ్, మూడోది, తెలుపో పసుపో నారింజో, సిగ్నల్. ఆ ఎర్ర వైరులో వచ్చేది ఈఎస్సీ లోపలున్న బీఈసీ (బ్యాటరీ వోల్టేజ్‌ని తగ్గించే చిన్న సర్క్యూట్) ఇచ్చే కరెంటు. రిసీవర్‌కీ సర్వోకీ తిండి పెట్టేది అదే. రిసీవర్ లోపల అన్ని ఛానళ్ళ ఎర్ర పిన్నులూ ఒకే పట్టీ మీద కలిసి ఉంటాయి. కాబట్టి వై కేబుల్‌తో కలిపినా, వేరువేరు ఛానళ్ళలో గుచ్చినా, రెండు బీఈసీలూ ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్నట్టే. ఇక్కడే చాలామంది "ఒక్కోటీ 2 ఆంప్స్ ఇస్తుంది, రెండూ కలిస్తే 4 కదా" అనుకుంటారు. కాదు. రెండింటి వోల్టేజ్ అచ్చు ఒకేలా ఉండదు, ఒకటి 6.02 ఉంటే ఇంకోటి 5.94 ఉంటుంది. ఎక్కువున్నదే మొత్తం బరువు మోస్తుంది, రెండోది కూర్చుని చూస్తుంది. లీనియర్ (మిగులు వోల్టేజ్‌ని వేడిగా వదిలేసే రకం) బీఈసీలైతే ఇంతటితో సరి, ఒకటి బాగా వేడెక్కుతుంది అంతే. స్విచింగ్ (వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ వోల్టేజ్ తగ్గించే రకం) బీఈసీలైతే ఒకదాని అవుట్‌పుట్ చూసి రెండోది తికమక పడుతుంది, ఒక్కోసారి కాలిపోతుంది కూడా.

నా మొదటి రెండు ఈఎస్సీల బండిలో అదే అయింది. ఏ కంపెనీదో అనవసరం, తప్పు నాదే. ఇంట్లో సోఫా కుషన్ల మీద రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఖాజాగూడ గుట్టల దగ్గరకి తీసుకెళ్ళి మొదటి రాయి ఎక్కించిన పది నిమిషాలకి కాలిన వాసన వచ్చింది, ఆ ఈఎస్సీతో పాటు సర్వో కూడా పోయింది. మన హైదరాబాద్ గ్రానైట్ బండలు క్రాలర్ల కోసమే దేవుడు పేర్చినట్టుంటాయి, అక్కడిదాకా వెళ్ళి బండిని చేత్తో మోసుకుంటూ దిగడం ఎంత అవమానమో నీకు చెప్పక్కర్లేదు.

అందుకని చేయాల్సింది చిన్న పని. వెనక ఈఎస్సీ ప్లగ్గు తీసుకో. దాని పక్కన పిన్నుల మీద సన్న ప్లాస్టిక్ నాలుకలుంటాయి. మధ్యదాన్ని గుండుసూదితోనో బ్లేడు మొనతోనో కొంచెం పైకి లేపి ఎర్ర వైరుని వెనక్కి లాగితే పిన్నుతో సహా బయటికొచ్చేస్తుంది. కత్తిరించకు, రేపు ఆ ఈఎస్సీని ఇంకో బండిలో వాడాలంటే మళ్ళీ గుచ్చుకోవచ్చు. బయటికొచ్చిన పిన్నుని వైరు మీదకి మడిచి హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే గొట్టం) వెయ్. ఊరికే టేపు చుట్టి వదిలేస్తే ఎండకి జిగురు కారిపోయి పిన్ను ఎక్కడో చోట తగులుతుంది. ఇంకో మాట, నల్ల వైరు జోలికి మాత్రం వెళ్ళకు. "ఎర్రది తీసాను కదా, నల్లది కూడా ఎందుకు" అని తీసేసినవాడు నాకు తెలుసు. సిగ్నల్‌ని ఈఎస్సీ కొలిచేది ఆ నల్ల వైరుతో పోల్చే, అది లేకపోతే వెనక యాక్సిల్ పిచ్చిపట్టినట్టు వణుకుతుంది.

ఇక స్టీరింగ్ తిప్పితే బండి చచ్చిపోవడం. ఎర్ర వైరు తీసినంత మాత్రాన ఇది పోదు, అదీ చెప్పేస్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోకు. ఈ తరగతి ఈఎస్సీల్లో ఉండే బీఈసీ 2, 3 ఆంప్స్‌కి మించి ఇవ్వదు. చక్రం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉండగా 25 కిలోల సర్వోని తిప్పితే అది ఒక్కటే 3 ఆంప్స్ దాకా, కొన్ని సర్వోలు ఇంకా ఎక్కువే లాగేస్తాయి. వోల్టేజ్ కుప్పకూలి రిసీవర్ ఆఫ్ అవుతుంది, సర్వో వదలగానే మళ్ళీ ఆన్ అవుతుంది. నువ్వు చూసే ఆ ఒక్క సెకను చావు అదే. మోటార్లకి దానితో సంబంధం లేదు.

దీనికి మందు బయట విడిగా ఒక బీఈసీ. 10 ఆంప్స్‌ది తీసుకో, చిన్నది తీసుకుని మళ్ళీ కొనడం కంటే అదే చవక. దాని ఇన్‌పుట్ వైర్లు బ్యాటరీ వైపు, ఈఎస్సీల వైర్లు కలిసే చోటే సోల్డర్ చెయ్. అప్పుడు ముందు యాక్సిల్ ఈఎస్సీ ప్లగ్గులోని ఎర్ర వైరు కూడా తీసెయ్యాలి. రిసీవర్‌కి ప్రాణం పోసేది ఎప్పుడూ ఒక్కటే ఉండాలి, అది ఏదైనా సరే. అవుట్‌పుట్ ఎంత పెట్టాలో సర్వో మీద చూసుకో. మామూలు సర్వో అయితే 6 వోల్టులు. హెచ్‌వీ (హై వోల్టేజ్) అని రాసి ఉంటే 7.4 ఇవ్వచ్చు, కానీ అప్పుడు రిసీవర్ కూడా దాన్ని తట్టుకుంటుందో లేదో దాని మీద చదువు. తట్టుకోకపోతే ఆ 7.4ని రిసీవర్‌లోకి పోనివ్వకూడదు, దానికి ఒక ఈఎస్సీ ఎర్ర వైరుని ఉంచుకుని బయటి బీఈసీని సర్వోకి మాత్రమే వదలాలి. నేనైతే వోల్టేజ్ ఎంతైనా సర్వో ఎర్ర వైరుని బీఈసీ నుంచి నేరుగానే తీసుకుంటాను. రిసీవర్ నుంచి సర్వోకి సిగ్నల్, గ్రౌండ్ రెండే వెళ్తాయి, సర్వో గ్రౌండ్ బీఈసీ గ్రౌండ్‌తో కూడా కలిసి ఉంటుంది. రిసీవర్‌లోని ఆ సన్న పిన్నుల గుండా అంత కరెంటు పంపడం నాకు ఇష్టముండదు. బయటి బీఈసీ పెట్టాక ఒక తేడా గమనిస్తావు, బ్యాటరీ గుచ్చగానే రిసీవర్‌కో సర్వోకో వెంటనే కరెంటు వచ్చేస్తుంది, ఈఎస్సీ స్విచ్‌తో పని లేకుండా. అందుకని ముందు రిమోట్ ఆన్, తర్వాత బ్యాటరీ, తర్వాత రెండు స్విచ్‌లు. ఆపేటప్పుడు తలకిందులుగా. స్విచ్ ఆపేశాం కదా అని బ్యాటరీ తగిలించి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి లైపో ఉబ్బి కనపడుతుంది.

బ్యాటరీ వైపు వైరింగ్ గురించి ఎవరూ పెద్దగా రాయరు కానీ కష్టం అక్కడే. రెండు ఈఎస్సీల ఎర్ర వైర్లు రెండూ కలిపి బ్యాటరీ ఎర్రదానికి, నల్లవి రెండూ కలిపి నల్లదానికి, అంటే పారలల్. ఒకదాని వెనక ఒకటిగా సిరీస్‌లో ఎప్పుడూ వద్దు. ఈఎస్సీల వైర్లు 14 గేజ్ అనుకో, అలాంటివి రెండు కలిపి ఎక్స్‌టీ60 (బ్యాటరీ కనెక్టర్) పిన్ను వెనకుండే సోల్డర్ గిన్నెలోకి దూర్చాలని చూస్తావు, దూరవు. ఒక్కోటి 2 చదరపు మిల్లీమీటర్ల పైన ఉంటుంది, రెండూ కలిస్తే 4 దాటుతాయి, ఆ గిన్నె 12 గేజ్ వైరుకి, అంటే దాదాపు 3.3కి సరిపోతుంది. కొందరు నాలుగు పోగులు కత్తిరించి దూర్చేస్తారు, నాకు నచ్చదు. 12 గేజ్ సిలికాన్ వైరు రెండంగుళాలు ఎక్స్‌టీ60కి సోల్డర్ చేసి, దాని రెండో కొసకి రెండు 14 గేజ్ వైర్లూ పక్కపక్కన పెట్టి సన్న రాగి తీగతో చుట్టి సోల్డర్ పోయి, పైన హీట్ ష్రింక్ రెండు పొరలు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ఇది అవ్వదు, రాగి వేడంతా లాగేసుకుని సోల్డర్ పైపైన ముద్దలా కూర్చుంటుంది. కనీసం 60 వాట్లది కావాలి. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఐరన్, ఫ్లక్స్, హీట్ ష్రింక్, అన్నీ ఒక్క చోటే దొరుకుతాయి. సిలికాన్ వైరు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకో. ఇంటి కరెంటు వైరు వాడకు, అది వంగదు, యాక్సిల్ కదిలిన ప్రతిసారీ జాయింటుని లాగుతుంది.

మొత్తం కట్టాక బ్యాటరీ నేరుగా గుచ్చెయ్యకు. ముందు మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి ఎక్స్‌టీ60 రెండు పిన్నుల మధ్య చూడు. ఒక్క క్షణం కూసి ఆగిపోతే ఫరవాలేదు, లోపలి కెపాసిటర్లు నిండుతున్నాయి. ఆగకుండా కూస్తే ఎక్కడో షార్ట్. ఆ తర్వాత బైక్ షాపులో 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి కొనుక్కొచ్చి, బ్యాటరీ ఎర్ర వైరు మధ్యలో దాన్ని సిరీస్‌లో పెట్టి మొదటిసారి గుచ్చు. బల్బు తళుక్కుమని ఆరిపోతే వైరింగ్ బాగున్నట్టు, వెలుగుతూనే ఉంటే వెంటనే పీకేసి వెతుకు. ఇరవై, ముప్పై రూపాయల బల్బు రెండు ఈఎస్సీల్ని కాపాడుతుంది, నేను ఇప్పటికీ ప్రతి కొత్త బండికీ ఇదే చేస్తాను. బల్బు ఉండగా మోటార్లు తిప్పకు, వోల్టేజ్ పడిపోయి లేనిపోని టెన్షన్ పడతావు.

చక్రాలు రెండు వైపులకి తిరగడం అసలు సమస్యే కాదు. ముందూ వెనకా ఒకే రకం యాక్సిల్ వాడి రెండోదాన్ని తిప్పి బిగిస్తారు కాబట్టి దాని మోటార్ ఉల్టా తిరగాల్సిందే. వెనక మోటార్‌కి వెళ్ళే రెండు వైర్లు అటుదిటు, ఇటుదటు మార్చు. మోటార్ వైర్లు అంటున్నాను, బ్యాటరీ వైర్లు కాదు, అవి మారిస్తే ఈఎస్సీ అక్కడికక్కడే పోతుంది. రిమోట్‌లో ఛానల్ రివర్స్ చేసి కూడా తిప్పచ్చు కానీ అప్పుడు ఈఎస్సీ ముందుకి అనుకునేది నీకు వెనక్కి అవుతుంది, తర్వాత మిక్స్ (ఒక ఛానల్ ఇంకోదాన్ని నడిపించే సెట్టింగు) పెట్టేటప్పుడు బుర్ర పాడవుతుంది. రేపు సెన్సర్ ఉన్న బ్రష్‌లెస్‌కి మారితే మాత్రం ఈ వైర్లు మార్చే చిట్కా పనికిరాదు. అక్కడ మోటార్, ఈఎస్సీల మూడు వైర్లు ఏ కి ఏ, బీ కి బీ, సీ కి సీ ఉండాల్సిందే, దిశ మార్చేది ఈఎస్సీ సెట్టింగులోనే.

బ్రష్ మోటార్లలో ఇంకో కిటుకుంది. మోటార్ టైమింగ్ (బ్రష్‌లు కూర్చునే కోణం) ఒక వైపుకి ముందుకి జరిపి ఉంటే, అది ఆ వైపు చురుగ్గా, రెండో వైపు నీరసంగా తిరుగుతుంది. నీ ముందు మోటార్ చురుకు వైపు, వెనకది నీరసం వైపు తిరుగుతుంటే బండి ఎప్పుడూ ఏదో లాగుతున్నట్టు ఉంటుంది. విప్పి బిగించే రకం మోటార్లైతే వెనక మూత స్క్రూలు వదులు చేసి రెండింటినీ సున్నా టైమింగ్‌కి తిప్పెయ్. సీల్ చేసిన డబ్బా మోటార్లైతే దీని గురించి ఆలోచించకు. అన్నట్టు, పాత మోటార్ మీద సన్న డయోడ్ ఏదైనా సోల్డర్ చేసి ఉందేమో చూడు. ఉంటే తీసెయ్, రివర్స్ ఉన్న ఈఎస్సీకి అది పడదు. కెపాసిటర్లు మాత్రం ఉండనీ.

1060 మీద రెండు జంపర్లుంటాయి (పిన్నుల మీద మార్చి పెట్టే చిన్న టోపీలు), ఒకటి బ్యాటరీ రకానికి, ఇంకోటి రన్నింగ్ మోడ్‌కి. రెండు ఈఎస్సీల్లోనూ రెండూ ఒకేలా ఉన్నాయా అన్నది నువ్వు కళ్ళతో చూసి తేల్చుకోవాలి, "అలాగే ఉంటుందిలే" అనుకోకు. మోడ్ ఎఫ్/ఆర్‌లో (ఫార్వర్డ్/రివర్స్) పెట్టు. అప్పుడు రివర్స్ ఒక్క నొక్కుతోనే వస్తుంది, ట్రిగ్గర్ వదలగానే గట్టి డ్రాగ్ బ్రేక్ పడుతుంది, వాలులో బండి అక్కడే ఆగుతుంది. ఎఫ్/బీ/ఆర్‌లో (మధ్యలో బ్రేక్ ఉన్నది) పెడితే రివర్స్ కోసం రెండుసార్లు నొక్కాలి, అది రేసు కార్లకి. బ్యాటరీ జంపర్ రెండింట్లోనూ లైపో మీదే ఉండాలి. మా గ్రూపులో ఒకాయన ముందుది లైపోలో, వెనకది ఎన్ఐఎంహెచ్‌లో (నికెల్ రకం బ్యాటరీ సెట్టింగు) వదిలేశాడు. నిలువు బండ ఎక్కుతుండగా లో వోల్టేజ్‌కి ముందు యాక్సిల్ ఆగిపోయింది, వెనకది తోస్తూనే ఉంది, బండి వెనక్కి పల్టీ కొట్టి కింద రాళ్ళలో పడింది. ఆన్ చేసినప్పుడు కూతలు లెక్కపెట్టు, 3ఎస్ లైపోకి మూడు చిన్న కూతలు, ఆ తర్వాత సిద్ధమని ఒక పెద్ద కూత, రెండింటి నుంచీ ఒకేలా రావాలి. ఈ రకం న్యూట్రల్‌ని ఆన్ చేసినప్పుడే నేర్చుకుంటుంది కాబట్టి ఆ మూడు సెకన్లూ ట్రిగ్గర్ ముట్టుకోకు, ట్రిమ్ సున్నా మీద ఉంచు.

ఇప్పుడు నీకు అసలు కావాల్సిన డిగ్. వెనక చక్రాలు బిగుసుకుని, ముందు చక్రాలు పూర్తిగా తిరిగి ఉండి లాగుతుంటే, బండి వెనక యాక్సిల్‌ని ఇరుసుగా చేసుకుని ముక్కు గిర్రున తిప్పేస్తుంది. ఇరుకు సందులో రివర్స్ లేకుండా మలుపు తిరగొచ్చు. అమెరికాలో యూఎస్ఆర్‌సీసీఏ (అక్కడి ఆర్సీ క్రాలర్ల సంఘం) పద్ధతి పోటీల్లో ఒక్కో రివర్స్‌కి ఒక పాయింటు పడుతుంది, పాయింట్లు తక్కువున్నవాడే గెలుస్తాడు, అందుకే అక్కడ దీనికంత మోజు. మధ్య నుంచి షాఫ్ట్ వెళ్ళే బండ్లలో దీనికోసం గేర్‌బాక్స్‌లోనే ఏర్పాటు, దాన్ని కదిపే ఇంకో సర్వో కావాలి. నీకైతే ఏమీ అక్కర్లేదు, వెనక ఈఎస్సీకి న్యూట్రల్ సిగ్నల్ పంపితే చాలు, డ్రాగ్ బ్రేక్ చక్రాల్ని పట్టుకుంటుంది. తాళం వేసినంత గట్టిగా కాదు, బాగా లాగితే మెల్లగా జారుతుంది, అయినా పని నడుస్తుంది.

దానికి ముందు ఈఎస్సీ రెండో ఛానల్‌లో, వెనకది మూడో ఛానల్‌లో గుచ్చి, రిమోట్‌లో మిక్స్ పెట్టాలి. రెండోది మాస్టర్, మూడోది స్లేవ్, ముందుకీ వెనక్కీ 100 శాతం. ఫుటాబా 4పీఎల్ఎస్ లాంటి వాటిలో డ్యూయల్ ఈఎస్సీ అని పేరు పెట్టే ఇచ్చారు. నీ రిమోట్ పేరు రాయలేదు, మూడు ఛానళ్ళ చవకదైతే మిక్స్ ఉండకపోవచ్చు, లేదా మూడో ఛానల్ ఆన్, ఆఫ్ బటన్ మాత్రమే కావచ్చు. ట్రిగ్గర్ మెల్లగా నొక్కుతూ చూడు, వెనక చక్రాలు కూడా మెల్లగా మొదలై మెల్లగా పెరిగితే నిజమైన మిక్స్. మూడు స్థానాల స్విచ్ ఉంటే మధ్యలో రెండూ నడిచేలా, పైకంటే వెనకది ఆగేలా, కిందకంటే ముందుది ఆగేలా పెట్టుకో. రిమోట్ మార్చాల్సి వస్తే డబ్బు అక్కడ పెట్టు, మోటార్ల మీద కాదు.

మిక్స్ కుదిరాక వెనకదాని ఎండ్ పాయింట్ (ఛానల్ గరిష్ఠంగా ఎంతవరకు వెళ్ళాలో చెప్పే సెట్టింగు) 100 నుంచి 90కి తగ్గించి చూడు. నిలువు ఎక్కేటప్పుడు బరువంతా వెనక చక్రాల మీద పడుతుంది, ముందువి లాగేదానికంటే వెనకవి ఎక్కువ తోస్తే ముక్కు లేచిపోతుంది. ముందు యాక్సిల్ కొంచెం వేగంగా ఉంటే బండి సాగదీసినట్టు తిన్నగా ఎక్కుతుంది. 90 అనేది నా బండికి కుదిరిన లెక్క, నీ బండకీ నీ టైరుకీ వేరే ఉండొచ్చు. అయితే రేపు వేరే ఈఎస్సీ కొని దానికి పూర్తి థ్రాటిల్ క్యాలిబ్రేషన్ చేయాల్సి వస్తే, ముందు ఎండ్ పాయింట్లు రెండూ 100కి తెచ్చి, ఒక్కో ఈఎస్సీనీ విడిగా రెండో ఛానల్‌లో గుచ్చి చెయ్, ఆ తర్వాతే తగ్గించు. తగ్గించాక క్యాలిబ్రేట్ చేస్తే ఆ 90నే వంద అనుకుని నువ్వు పడ్డ కష్టమంతా చెరిపేస్తుంది.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే ఏం చేయాలో చెప్పే సెట్టింగు) రెండో ఛానల్‌కి పెట్టి ఊరుకుంటారు. సిగ్నల్ పోతే ముందు యాక్సిల్ ఆగుతుంది, మూడో ఛానల్‌ది చివరి ఆర్డర్ పట్టుకుని పోతూనే ఉంటుంది. రెండు ఛానళ్ళకీ న్యూట్రల్ పెట్టి, చక్రాలు గాల్లో ఉండగా, కొంచెం థ్రాటిల్ మీద రిమోట్ ఆపేసి చూడు. రెండూ ఒకేసారి ఆగాలి.

యాక్సిళ్ళని చేత్తో పూర్తిగా మెలితిప్పి మోటార్ వైర్లు ఎక్కడా బిగుసుకోవట్లేదని కూడా చూసుకో. బల్బు పరీక్షకి ముందు రిసీవర్ దగ్గర మూడు ప్లగ్గులూ, ఎక్స్‌టీ60 జాయింటూ కనపడేలా ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టు, రిమోట్ మోడల్ కూడా రాయి. శనివారం రాత్రిలోపు పెడితే చూసి చెప్తాను, ఆదివారం పొద్దున్నే నేను గుట్టల మీద ఉంటాను, అక్కడ సిగ్నల్ రాదు.